హాజరు పలకని పిల్లలు

నేను పదవీ విరమణ చేసిన రోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, "వేలాది చిన్నారులకు తల్లి" అన్నారు. నాకున్నది ఇద్దరు పిల్లలు. వాళ్లకే సరిగ్గా తల్లిగా ఉండటానికి ఈ ఉద్యోగం తీరిక ఇవ్వలేదు. పైగా ఆ మాట అన్న పెద్దమనిషి తన కొలువు మొత్తంలో ఒక్క బాలవాడి గడప లోపలికి వంగి చూసినవాడు కాడు. జీపు దిగకుండానే చిన్నారులను ఉద్ధరించిన ఘనుడు.

ఇప్పుడు కొత్తగా ఈ పనిలో చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, ముఖ్యంగా ఏం చూసుకోవాలి?" అని అడుగుతారు. నేను నిజం చెప్పగానే ముఖాలు చిన్నబోతాయి, చాయ్ తాగి వెళ్లిపోతారు. అందుకే రాస్తున్నాను. చదవడం ఇష్టం లేనివాళ్లు మధ్యలో లేచిపోవచ్చు, నేను చూడను.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. మూడేళ్లు దాటి ఇంకా బడి వయసు రాని పిల్లలు బాలవాడిలో ఉంటారు. తర్వాత దానికే అంగన్‌వాడీ అని పేరు పెట్టారు. బోర్డు మారింది, కప్పు కారడం మారలేదు. అక్కడి పంతులమ్మ పిల్లలను ఆడించి, పాడించి, ఒకటో తరగతికి తయారుచేయాలి. ఆ పంతులమ్మకు పని నేర్పించి, చేయిపట్టి నడిపించడం నా పని. కాగితం మీద ఇంతే. మిగతాదంతా ఆ పంతులమ్మను మా ఆఫీసు వాళ్ల నుంచి కాపాడటం.

ఏమిటి అనాలి, ఏంది అనొద్దు

అరవై తొమ్మిదిలో నేను వరంగల్‌లో చదువుకుంటున్నాను. ఉద్యమంతో కాలేజీలు మూతబడితే రఘునాథపల్లిలో మా ఇంటికి వచ్చి కూర్చున్నాను. మా అన్న పొద్దున లేస్తే జనగామలో ఊరేగింపుల్లో ఉండేవాడు. నేనూ వస్తానంటే, "ఆడిపిల్లవు, నీకెందుకే గివన్ని? ఇంట్ల కూసో" అన్నాడు. తెలంగాణ కోసం గొంతు చించుకున్నవాళ్ల ఇళ్లల్లో ఆడపిల్లలకు మాట్లాడే హక్కు రాలేదన్నమాట. చదువు ఒక ఏడాది వెనకబడింది. ఆ తర్వాత చిన్నపిల్లల టీచర్ల శిక్షణ ఉందంటే ఎగిరి గంతేసి పోయాను.

మాకు శిక్షణ ఇచ్చినావిడది కోస్తా. మంచి మనిషే, పాట బాగా పాడేది. కానీ మేం నోరు తెరిస్తే చాలు, చెవుల్లో సీసం పోసినట్టు ముఖం పెట్టేది. "ఏందండీ ఏంది! ఏమిటి అనాలి. మీరే ఇలా మాట్లాడితే రేపు పిల్లలు బడికెళ్లి ఏం చదువుతారు?" అనేది. బడికి తయారుకావడం అంటే ముందు అమ్మ నేర్పిన మాట మరిచిపోవడమని ఆవిడ లెక్క. మేం శిక్షణ అయ్యేదాకా నోరు మూసుకుని, ఊళ్లకు తిరిగొచ్చి పిల్లల నోళ్లు మూయించాం.

జనగామలో మా బ్యాచ్ అమ్మాయి నడిపే బాలవాడికి ఒకసారి పోయాను. ఒక పిల్లవాడు వెక్కివెక్కి ఏడుస్తూ, "మా అవ్వ యాదికొస్తుంది" అన్నాడు. మా శిక్షణ వృథా పోలేదు. "అలా కాదు నాన్నా, అమ్మ గుర్తుకొస్తోంది అనాలి. ఏదీ, అను" అంది ఆ అమ్మాయి. వాడు ఏడుపు ఆపి, ఆ మాట కూడబలుక్కుని, రెండుసార్లు తప్పి, చివరికి అన్నాడు. అమ్మాయి చప్పట్లు కొట్టింది. వాడు మళ్లీ ఆ బాలవాడిలో అవ్వ గురించి గానీ, ఇంకే సంగతి గానీ ఎత్తలేదట. "మస్తు బుద్ధిమంతుడయిండు" అని ఆ అమ్మాయి నాకు సంబరంగా చెప్పింది.

దస్తీ

తనిఖీ అనే తమాషా గురించి చెప్పకపోతే ఈ ఉద్యోగం గురించి చెప్పనట్టే. అధికారి వస్తున్నాడంటే ఊళ్లో మామిడాకులు కట్టేవారు. పక్క బడిలోని రెండో తరగతి పిల్లలను తెచ్చి బాలవాడిలో కూర్చోబెట్టేవారు. అసలు పిల్లలను, ముక్కు చీదేవాళ్లనూ లాగులు లేనివాళ్లనూ, ఇళ్లకు పంపేవారు. పైన పటారం, లోన లొటారం. అధికారులకు ఈ సంగతి తెలియదనుకునేరు. తెలుసు. ఐదేళ్ల పిల్లకు పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వరసగా ఎట్లా వచ్చాయని ఒక్కడూ అడగలేదు.

రఘునాథపల్లి దగ్గర ఒక ఊళ్లో సుశీల అనే పంతులమ్మ మరో ఉపాయం చేసింది. తాను దస్తీ తీసి ఊపగానే పిల్లలంతా లేచి స్వాగతం పాట అందుకోవాలని నేర్పింది. పది రోజులు అదే పని. అధికారి వచ్చాడు, సుశీల దస్తీ ఊపింది, పాట అయింది, ఆయన మురిసిపోయాడు. ఎండాకాలం. కూర్చోగానే ఆయన జేబులోంచి దస్తీ తీసి మెడ తుడుచుకున్నాడు. పిల్లలంతా దిగ్గున లేచి మళ్లీ పాడారు. ఆయన చేయెత్తి "చాలమ్మా, చాలు" అని ఆపబోయాడు. ఆ చేతిలోనే దస్తీ ఉంది. పిల్లలు మూడోసారి అందుకున్నారు.

సుశీల మూలకు తిరిగి ఏడుస్తోంది. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పోయి వేపచెట్టు పట్టుకున్నాను. ఆయన మాత్రం వెళ్లేటప్పుడు, "క్రమశిక్షణ బ్రహ్మాండంగా ఉంది. ఈ పిల్లలు బడికి పూర్తిగా తయారయ్యారు" అన్నాడు. ఆయన తయారీ అన్నది దేన్నో అప్పుడు నాకు బాగా అర్థమైంది.

కుడితి గోలెంలో పలక

పైవాళ్లనే తిట్టి తల్లిదండ్రులను వదిలేస్తే తప్పు. ములుగు దిక్కు ఘనపూర్‌లో పనిచేసినప్పుడు ఒక పటేలు ఉండేవాడు. భూములు, ట్రాక్టరు, సమితి రాజకీయాలు. మూడేళ్ల మనుమణ్ణి బాలవాడికి పంపాడు. నెల తిరగకుండానే వచ్చి కూర్చున్నాడు. "ఏందమ్మా గిది? పొద్దంత ఇసుకల ఆడిపిస్తున్నరు. మావోడు ఇంక అఆలు రాస్త లేడు. వాణ్ని కలెక్టర్ జేద్దామనుకుంటున్న" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

"బాపూ, వాని వేళ్లకు ఇంక బలం రాలేదు. ఇసుకల గీతలు గీస్తెనే వస్తది. అన్నం ముద్ద గూడ చేతికి రాకముందే బలపం ఎట్ల పడతడు?" అన్నాను. ఆయన ముసిముసిగా నవ్వి లేచాడు. నా మాట విన్నాడనుకున్నాను. ఇంటికి పోయి ట్యూషన్ పంతులును పెట్టాడు. పంతులు వాడి చేయి పట్టి పలక మీద దిద్దించి దిద్దించి వేళ్లు వాచేలా చేశాడు. ఒకరోజు పలక కనిపించలేదు. ఇల్లంతా వెతికి, జీతగాణ్ణి తిట్టి, చివరికి బర్రె కుడితి తాగనంటే గోలెంలో చేయి పెట్టి చూశారు. పలక అడుగున ఉంది. ఆ పిల్లవాడి తెలివి చూసి నాకు ముచ్చటేసింది. పటేలు మాత్రం వాణ్ణి కొట్టి కొత్త పలక కొన్నాడు. వాడు కలెక్టర్ కాలేదు, పలకంటే భయం మాత్రం చాలాకాలం పోలేదు.

తండా

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎనభైలలో నన్ను మహబూబాబాద్ దిక్కు వేశారు. అక్కడ ఒక పెద్ద ఊరికి రెండు మైళ్ల దూరంలో లంబాడా తండా ఉంది. తండాలో బాలవాడి, పెద్ద ఊళ్లో బడి. పంతులమ్మ సరోజనది ఆ పెద్ద ఊరే, రోజూ నడిచి పోయేది. కోపిష్టి మనిషి, ఆలస్యంగా రావడంలో దిట్ట. ఆమెకు లంబాడా మాట ఒక్క ముక్క రాదు, పిల్లలకు తెలుగు రాదు. అర్థం కాకపోతే గట్టిగా అరిచేది. ఇంకా అర్థం కాకపోతే ఇంకా గట్టిగా. నేను మొదటిసారి పోయినప్పుడు ఆ అరుపు తండా బయట బాట మీదికే వినిపించింది.

"సరోజనా, వాళ్లకు చెవుడు గాదమ్మా, తెలుగు రాదు" అన్నాను.

"మరి నన్నేం జేయమంటవు మేడం? నేను ఆడ బుట్టలే గద" అంది.

అది నిజమే. తండాలో పుట్టినదాన్ని ఒకర్తెను ఆయాగా పెట్టమని మా పైవాళ్లను ఎన్నిసార్లు అడిగానో. చదువు లేదని ఒప్పుకోలేదు. గిన్నెలు కడగడానికి చదువెందుకో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి వాళ్లూ విసిగి సరేనన్నారు. కేలీబాయి అనే పెద్దామె వచ్చింది. మొదటి రోజే సరోజనకూ ఆమెకూ జగడం. అయినా నేను ఒకటే చెప్పాను. పిల్లలు ముందు వాళ్ల మాటలో మాట్లాడాలి. ఆకలైతే, దూప అయితే, బయటికి పోవాల్సివస్తే, ఎవరైనా కొడితే చెప్పడం రావాలి. ఆ తర్వాత అదే తెలుగులో చెప్పడం మెల్లగా రావాలి. అక్షరాలు బడి చూసుకుంటుంది. ఇద్దరూ నన్ను తిట్టుకుంటూనే అట్లా చేశారు.

సరోజనే ఒక ఆట కనిపెట్టింది. బడిలో సార్లు హాజరు పిలుస్తారు గదా, అది ముందే నేర్పాలని. తాను సారులాగా కూర్చుని ఒక్కొక్క పేరు పిలుస్తుంది. పిలిచిన పిల్ల మాత్రమే లేచి "హాజర్ సార్!" అనాలి. పిలవనిదాకా మాట్లాడకుండా కూర్చోవాలి. పిల్లలకు ఈ ఆటంటే ప్రాణం. చాందీ అనే ఐదేళ్ల పిల్ల తన పేరు వచ్చేదాకా రెండు చేతులూ మోకాళ్ల మీద బిగపట్టుకుని కూర్చునేది. పేరు రాగానే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది.

చాందీని బడిలో వేయించడానికి నేనే వాళ్ల నాయిన గోపా దగ్గరికి పోయాను. అతను గడ్డం గీరుకున్నాడు.

"ఆడిపిల్ల బడికి పోయి ఏం జేస్తది మేడం? అయినా నువ్వు గింత దూరం నడిచొచ్చినవు. దసరా దాక తోలుత. సార్లు బాగ చదువుతుందంటె ఉంటది. లేకుంటె పత్తి ఏరుడుకు పోయేటప్పుడు మాతోని తీస్కపోత. చిన్నోణ్ని ఎత్తుకునేటందుకు ఒక మనిషి గావాలె" అన్నాడు.

ఒకసారి పత్తికి పోయిన పిల్ల మళ్లీ బడికి రాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. చాందీతో పాటు ఇంకో నలుగురైదుగురిని ఆ ఏడాది పెద్ద ఊరి బడికి తోలాం.

దేవుళ్లంతా గైర్హాజరు

వానలు పడి నాట్లు అయ్యే కాలానికి మా ఆఫీసరు నన్ను పిలిపించాడు. "మీ తండా పిల్లలు ఒక్కరోజు కూడా బడికి రాలేదని హెడ్మాస్టరు చెప్పాడు. పేర్లు కొట్టేస్తున్నారట. ఆ తండా సెంటరు శుద్ధ దండగ. పెద్ద ఊళ్లో పటేలు తన ఇంటి ముందర గది ఇస్తానంటున్నాడు, అక్కడికి మార్చేయండి" అన్నాడు. పటేలు ఇంటి ముందరి గదిలోకి తండా పిల్లలు ఎట్లా వస్తారని అడిగితే, "రావాలనుకుంటే వస్తారు" అన్నాడు. తాను ఆ ఇంట్లో భోజనం చేసి వచ్చినవాడే.

నేను తండాకు పరిగెత్తాను. కేలీబాయి నన్ను చూడగానే కళ్లు తుడుచుకుంది.

"పోరిని గోపా సావగొట్టిండు అవ్వా. బడికి పోతున్న అని చెప్పి ఏడికి పోతున్నవే అని. అది పోతుంది, నేను రోజు సూస్తున్న. సారేమో ఒక్క దినం రాలే అన్నడట. ఇగ బడి బందు, దసరా ఏంది, రేపే బందు అంటుండు."

చాందీ గుడిసె గోడకు ఆనుకుని కూర్చుంది. వాతలు పిక్కల మీద కనిపిస్తున్నాయి. బడికి పోయావా అంటే తలూపింది. మరి నువ్వు రాలేదని సారు అంటున్నాడే అంటే నా ముఖంలోకి చూసింది. ఐదేళ్ల పిల్ల, పోయిన బడికి పోయానని ఎట్లా నిరూపిస్తుంది? నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు గానీ కోపం మాత్రం కాళ్ల దాకా దిగింది. ఒక్కరోజు ఆగమని గోపాను బతిమాలి, మర్నాడు పిల్లలతోపాటే నడిచి బడికి పోయాను.

ఒకటో తరగతికి చెప్పేది మహబూబాబాద్ నుంచి బస్సులో వచ్చే చిన్న సారు. తండా పిల్లలు వెనక తలుపు దగ్గర ఒద్దికగా కూర్చున్నారు. చేతులు మోకాళ్ల మీద. సారు హాజరు మొదలుపెట్టాడు. ఊరి పిల్లలు పలికారు. తర్వాత "లక్ష్మి" అన్నాడు. ఎవరూ పలకలేదు. "సరస్వతి." లేదు. "పార్వతి." లేదు. "రాముడు, భీముడు." ఉలుకూ పలుకూ లేదు. దేవుళ్లంతా గైర్హాజరు. ఆయన సున్నాలు పెట్టుకుంటూ పోయాడు. చాందీ మెడ చాచి, తన పేరు కోసం చూస్తూనే ఉంది. పిలిస్తే పలకమని సరోజన నేర్పింది, పిలవకపోతే మాట్లాడవద్దనీ నేర్పింది. పిల్ల రెండూ తు.చ. తప్పకుండా చేసింది.

"సారూ, ఈ వెనక కూర్చున్న పిల్లలెవరు?" అని అడిగాను.

"ఏమో మేడం, రోజు వచ్చి కూసుంటరు. పేరడిగితె చాందీ, సోమ్లా అంటరు. గా పేర్లు నా దగ్గర లేవు. మీ బాపును తోల్కరాండి అన్న, ఎవ్వరు రాలే. పాపం కూసోనియ్యి అని ఊకున్న. తండా పిల్లలే అసలు వస్తలేరు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తండా పిల్లలు రావడం లేదని ఈయన తండా పిల్లల ఎదురుగా కూర్చుని చెప్తున్నాడు. హెడ్మాస్టరు గదికి పోయాను. మర్యాదస్తుడు, చాయ్ తెప్పించాడు.

"పేర్లు నేనే మార్చిన మేడం. చాందీ, సోమ్లా, గివి పేర్లా? రేపు ఇన్‌స్పెక్టర్ ముందల పిలిస్తె నవ్వడా? చాందీని లక్ష్మి అని రాసిన, అందరికి దేవుండ్ల పేర్లు పెట్టిన. పుణ్యమే గద" అన్నాడు.

"ఆ పిల్లలకు చెప్పినరా?"

"చిన్న పిల్లలు, వాళ్లకేం దెలుస్తది?"

"తల్లిదండ్రులకు?"

"తండావోళ్లు, వాళ్లకేం దెలుస్తది?"

"పోనీ, చిన్న సారుకు?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆ ఆలోచన ఆయనకు అప్పుడే వచ్చినట్టుంది.

"సార్, పిల్లను పుట్టిన్నుంచి ఒక పేరుతోని పిలిచి, బడికి రాంగనే ఇంకో పేరుతోని పిలిచి, పలుకుత లేదని పేరు కొట్టేస్తమంటున్నరు. ఆ పిల్ల రోజు వస్తుంది. రాలేదని నాయిన చేత దెబ్బలు తిన్నది. రేపు పొద్దుగాల నేనొచ్చి మిమ్ములను ఎల్లయ్యా అని పిలుస్త, పలుకుతరా?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా పాత పేర్లు తిరిగి రాయడానికి ఒప్పుకోలేదు. ఒకసారి రాసింది మారిస్తే తన మీదికి వస్తుందట. పిల్ల వీపు మీదికి వస్తే ఫరవాలేదు, తన మీదికి రాకూడదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పేర్లు కొట్టేయకూడదు, చిన్న సారు కొన్నాళ్లు రెండు పేర్లూ కలిపి పిలవాలి. మర్నాడు సరోజన, కేలీబాయి ఇద్దరూ వచ్చి తరగతి గుమ్మంలో నిలబడ్డారు. మొదటి రోజు తండా పిల్లలు సంబరం పట్టలేక ప్రతి పేరుకూ అందరూ కలిసి పలికారు. మూడో రోజుకు సర్దుకున్నారు. చిన్న సారు మంచివాడే, తనే తండాకు వచ్చి గోపాతో, "పిల్ల రోజు వచ్చిందన్నా, తప్పు మాది. హుషారున్నది, బంద్ చేయించకు" అని చెప్పి పోయాడు. మొత్తం నా కొలువులో ఒక సారు తప్పు ఒప్పుకోవడం చూసింది ఆ ఒక్కసారే.

ఈ సంగతి నేను మా ఆఫీసరుకు అందరి ముందూ చెప్పాను. తండా సెంటరు తండాలోనే ఉండిపోయింది. నాకు మాత్రం కాటారానికి బదిలీ అయింది. ఆ రోజుల్లో నోరున్నవాళ్లందరినీ అడవి అంచు ఊళ్లకే పంపేవారు, అందుకే అక్కడ పని కొంచెం బాగా జరిగేది.

కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పిల్ల బడికి తయారైందా అని అందరూ అడుగుతారు. పిల్ల కోసం బడి తయారైందా అని అడిగే మనిషి మీరొక్కరే. అడిగితే మీకు శాలువా రాదు, కాటారం వస్తుంది. అయినా అడగండి. ఒకటో తరగతి మొదటి నెలలో ఆ గదిలో పోయి కూర్చోండి. మీ పంతులమ్మ నేర్పింది ఎక్కడ నేలపాలవుతుందో ఆ గదిలో తప్ప ఇంకెక్కడా కనిపించదు.

దసరా తర్వాత

బదిలీ కాగితం తీసుకుని, దసరా సెలవులు అయిపోయాక చివరిసారి తండాకు పోయాను. సగం గుడిసెలకు తడికెలు కట్టి ఉన్నాయి, జనం పత్తికి పోయారు. గోపా ఇల్లు తెరిచే ఉంది. మంచం వేసి, నీళ్లిచ్చాడు. ఈసారి పత్తికి తానొక్కడే పోతాడట. పెండ్లాం జమ్లీ పిల్లలతో ఇక్కడే ఉంటుందట. ఆ మాటకు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చాలా ఏళ్ల తర్వాత ఈ ఉద్యోగం మీద ప్రేమ కలిగింది.

లేవబోతుంటే అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"మేడం, ఒక మాట అడుగుత, కోపం జెయ్యకు. పిల్లను ఇంట్ల ఏమని పిలవాలె?"

నాకు అర్థం కాలేదు.

"చాందీ అంటె బడిల పేరు కొట్టేస్తరేమో అని భయమైతుంది. లక్ష్మి అంటె జమ్లీకి నోరు తిరుగుత లేదు. నాకు గూడ వేరేవోళ్ల పిల్లను పిలిచినట్టున్నది. అందుకని గప్పటిసంది పేరు వెట్టి పిలుస్తనే లేము. ఓ పిల్లా, ఓ పిల్లా అంటున్నం."

హెడ్మాస్టరును అడిగినట్టు ఎవర్నైనా అడిగి కడిగేద్దామంటే ఎదురుగా ఈ మనిషి తప్ప ఎవరూ లేరు.

"చాందీ అనే పిలువన్నా. ఎవ్వరు కొట్టెయ్యరు" అన్నాను.

"సర్కారుకు దెలిస్తె?"

"నేనే సర్కారును. పిలువు."

అతను గుడిసె వైపు తిరిగి, ముందు మెల్లగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు, "చాందీ" అన్నాడు. లోపలి నుంచి పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని బయటికి వచ్చింది. వెనకే జమ్లీ పిండి చేతులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. గోపా ఈసారి తండా అంతా వినేట్టు గట్టిగా పిలిచాడు. పిల్ల అతని ఎదురుగానే నిలబడి ఉంది, అయినా అతను మళ్లీ పిలిచాడు.